ఒక పొయ్యి, నలభై మూడు మంది

జూలై 29

వదినా,

ఫోను పలకడం లేదు కాబట్టి కాగితం తీశాను. మీ వైపు సరుకులు తోలే లారీ డ్రైవరు ఒకాయన, "ఇటివ్వండి మేడమ్, అన్నం క్యారేజీలో పెట్టి తీసుకెళ్తాను, తడవదు" అన్నాడు.

వరద నీళ్ళు వచ్చి తొమ్మిది రోజులైంది. మా ఆఫీసు గోడమీద పెద్ద మ్యాపు ఉంది. అందులో మీ వీధి ఒక నీలం మరక కింద ఉంది. టీ గ్లాసు పట్టుకుని రోజూ దాని ముందునుంచే తిరుగుతున్నాను. అక్కడ మా వదిన ఉందని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ప్రాంతం లెక్కలోంచి నన్ను తప్పిస్తారు. తప్పిస్తే నీ గురించి ఈమాత్రం కూడా తెలియదు. ఇది బాధ్యతా, స్వార్థమా అని ఆలోచించి ఆలోచించి, రెండూనేమోలే అని వదిలేశాను.

అన్నయ్య పోయినప్పటినుంచి నీకు తోడు ఆ కుట్టుమిషనే కదా, అదేమైంది? ముందు మిషను మేడెక్కించి, తరవాత నువ్వెక్కి ఉంటావని నా నమ్మకం.

వచ్చే వారం మీ వీధికి ఒక సర్వే అమ్మాయి వస్తుంది. నా పని గురించి ఎప్పుడు చెప్పినా "తిన్నారా అని అడగడానికి అంత చదువెందుకే" అని ఎగతాళి చేస్తావు కదా, అడిగేది నిజంగా అదే. గడచిన ఏడు రోజుల్లో ఏమేం తిన్నారు, ఏది ఎన్ని రోజులు తిన్నారు, పెద్దవాళ్ళు పస్తుండి పిల్లలకు పెట్టారా, పక్కింట్లో చేబదులు తెచ్చుకున్నారా. వాటిని బట్టి ఇంటికో అంకె వేస్తాం. అంకె తక్కువైన చోటికి సరుకు ముందు వెళుతుంది. ఎక్కువైన చోట ఆగుతుంది, లేదా తగ్గుతుంది. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇంతే.

అందులో ఇల్లంటే ఏమిటన్న ముక్క మాత్రం నేను రాసింది. ఒక పొయ్యిమీద వండుకు తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండిళ్ళు. దానికోసం నాలుగు మీటింగుల్లో కొట్లాడాను. ఎందుకో నీకు తెలుసు. నువ్వూ అన్నయ్యా వేరుపడి వరండా చివర మూడు ఇటుకలు పేర్చుకున్న ఏడాది, కరువు లెక్క రాసే మనిషి వస్తే అమ్మ గుమ్మంలో నిలబడి "మాదంతా ఒకటే కుటుంబం నాయనా" అంది. వచ్చిన సరుకంతా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నేను నిలబడ్డ చోటినుంచి నీ పొయ్యి కనిపిస్తూనే ఉంది. నేనేమీ అనలేదు.

సరే, పాత గొడవ. ఆ అమ్మాయితో నేను నీకు తెలుసునని చెప్పకు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. గడుల్లో పట్టనిది ఏమైనా ఉంటే వాళ్ళు కాగితం వెనక రాస్తారు. భయం లేదు.

నీ
లెక్కల పిల్ల


ఆగస్టు 5

లెక్కల పిల్లకి వదిన రాసేది,

నీ ఉత్తరం పులిసిన అన్నం వాసనతో అందింది. చదివి, ఆరేసి, మళ్ళీ చదివాను. మిషను మేడమీదే ఉంది, నేనూ దాని పక్కనే ఉన్నాను. కింద కొట్లో కుట్టడానికి ఇచ్చిన బట్టలు మాత్రం ఎవరివి ఎవరివో తెలియకుండా ముద్దయిపోయాయి. ఇక ఎవరికి ఏది సరిపోతే అది వాళ్ళది.

వీధిలో పదకొండిళ్ళ వాళ్ళం, నలభై మూడు మందిమి, పిండిమర మేడమీద ఉన్నాం. మిల్లాయన తలుపులు తెరిచి "ఎక్కండి, మెట్లేం అరగవు" అన్నాడు. ఆయన్ని అన్నేళ్ళుగా పిసినారి అనుకున్నాను, లెంపలేసుకున్నాను. పదకొండిళ్ళకీ కలిపి పనిచేసే గ్యాసు పొయ్యి ఒకటే మిగిలింది. వండటానికి గిన్నె ఎట్లా అని చూస్తుంటే, షామియానాలు అద్దెకిచ్చే కొట్లోంచి ఒక పెద్ద గిన్నె తేలుకుంటూ మా మెట్ల దగ్గరికి వచ్చింది. అందులో ఒక కప్ప కూర్చుని ఉంది. కప్పను దింపేసి గిన్నె ఉంచుకున్నాం.

ఎవరి దగ్గర ఏది మిగిలితే అది గిన్నెలోకే. మిల్లాయన పిండి, హెడ్మాస్టరు గారి పప్పు, నా బియ్యం, ఇంకొకరి పాలపొడి. నా పక్కవాటాలో గడియారాలు బాగుచేసే తాత ఉన్నాడు చూడు, ఒంటరి మనిషి, ఆయన దగ్గర ఒక ఉప్పు పొట్లం తప్ప ఏమీ లేదు. "ఉప్పు లేకపోతే మీరంతా తినేవాళ్ళేనా, పెద్ద వాటా నాదే" అని అందరిమీదా పెత్తనం చేస్తున్నాడు. గరిటె నా చేతికిచ్చారు. మనిషికి ఒక గరిటె.

నీ సర్వే అమ్మాయి నిన్న వచ్చింది. మోకాళ్ళదాకా బురద, సంచీ మాత్రం నెత్తిమీద. నువ్వు చెప్పినట్టే నిన్ను ఎరగనట్టే ఉన్నాను. ఏడు రోజుల్లో ఏం తిన్నారంటే, అన్నం ఏడు రోజులు, పప్పు ఐదు, కూర నాలుగు, పాలు మూడు అన్నాను. అన్నీ నిజమే. ఎంతెంత తిన్నారని అడగలేదు, నేను చెప్పలేదు. పెద్దవాళ్ళు పస్తున్నారా అంటే లేదన్నాను. తాత "కడుపు బాగోలేదు" అని తన గరిటెలో సగం పిల్లలవైపు తోసేస్తున్నాడు. కానీ ఆయన అక్కడే కూర్చుని వింటుంటే ఎట్లా చెప్పను, మొహం చిన్నబుచ్చుకోడూ.

ఎన్ని పొయ్యిలంటే ఒకటే అన్నాను. ఆ మాట అంటుంటే కొంచెం గర్వంగానే ఉంది. ఎంతమంది అంటే నలభై మూడు అన్నాను. ఆ పిల్ల పెన్ను ఆపి, లేచి, తలతలకీ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పసిపిల్లను రెండుసార్లు లెక్కపెట్టి మళ్ళీ దిద్దుకుంది. తరవాత కాగితం తిప్పి ఏదో రాసింది. ఆమెకీ ఒక గరిటె పెట్టాం. వద్దు వద్దంటూనే తిని, తల దించుకుని వెళ్ళిపోయింది.

ఇంకో పది రోజులకు ఉంది. ఈలోపు మీ లారీ వస్తుందిలే. నువ్వు తింటున్నావా? ఏడు రోజుల లెక్క నాకు పంపు.

వదిన


ఆగస్టు 9

వదినా,

నీ దగ్గరనుంచి ఏమీ రాలేదు. వంతెన తెగి లారీలు చుట్టూ తిరిగి వస్తున్నాయట, అందుకే అనుకుంటాను. ఈ ఉత్తరం పిండిమర దగ్గర ఇస్తే ఎక్కడున్నా నీకు చేరుస్తారని డ్రైవరు చెప్పాడు.

రోజుకు రెండు వందల ఫారాలు చూస్తున్నాను. కళ్ళు మూసుకున్నా గడులే కనిపిస్తున్నాయి. మా ఇంట్లో ఏం వండారో, నేనేం తిన్నానో అడిగితే ఏడు రోజులు కాదు, నిన్నటిది కూడా చెప్పలేను. జనం ఆకలిని కొలుస్తూ కొలుస్తూ ఉంటే నాకు ఆకలే వేయడం లేదు. ఇది జాలివల్ల అనుకునేదాన్ని, అలసట అని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక మంచి కబురు. మీ ప్రాంతం ఆకుపచ్చలో వచ్చింది. అంటే తట్టుకోగలరు అని. మీ వీధినుంచి ఒకటే ఫారం వచ్చింది. మిగతా ఇళ్ళవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటారు. నువ్వు మీ తమ్ముడింటికి వెళ్ళావనుకుంటాను. మంచిపని చేశావు. ఫారంలో పేర్లుండవు, ఆ ఒక్క ఇల్లు ఎవరిదో గానీ అదృష్టవంతులు, ఏడు రోజులూ అన్నం, పప్పూ కూరా పాలూ కూడా ఉన్నాయి. మా అంకెల్లో వాళ్ళు రాజులు. ఇంట్లో మనుషులు నలభై మూడు అని రాసి ఉంటే నవ్వొచ్చింది. పాపం, ఆ పిల్ల నాలుగు రాయబోతే చెయ్యి జారి మూడు కూడా పడింది. ఇరవై దాటితే తప్పుగా చూడాలన్నది మా పద్ధతి. ఆ మూడు నేనే కొట్టేశాను.

మరకమీద ఆకుపచ్చ కాగితం అంటించారు. ఈవేళ దాని ముందు నిలబడి మొదటిసారి టీ వేడిగా తాగాను.

లెక్కల పిల్ల


ఆగస్టు 17

గౌరవనీయులైన లెక్కల అధికారిణి గారికి,

మీ ఉత్తరమూ మీ సరుకూ ఒకే లారీలో నిన్న వచ్చాయి. నలుగురికి పదిహేను రోజుల సరుకు. నలభై మూడు మందిమి, ఈ మధ్యాహ్నానికి అయిపోతుంది. మీ ఉత్తరం మాత్రం ఎప్పటికి అరుగుతుందో చెప్పలేను.

ఆ రాజులం మేమే.

నేను ఐదో తారీఖునే అంతా విడమరిచి రాశాను. చదివి కూడా మూడు కొట్టేశారంటే, వదిన వీధికి ఎక్కువ పంపిందని ఎవరైనా అంటారేమోనని జంకారని అర్థమైంది. జంకవలసిందే, ఉద్యోగం కదా. కానీ ఏమీ ఎరగనట్టు నన్ను మా తమ్ముడింటికి పంపేయడం ఎందుకు? మా తమ్ముడిల్లు నీళ్ళలో నాకంటే ముందే మునిగింది. మీ మ్యాపులో చూసుకోండి.

తాత గరిటె తోసేయడం ఇక దాచేది కాదు. మొన్న మెట్లమీద కూర్చుని మళ్ళీ లేవలేకపోయాడు. ఇద్దరం పట్టుకుని పైకి తెచ్చాం. గడియారంలో స్ప్రింగు సడలిందని జోకు వేశాడు, ఎవరం నవ్వలేదు. ఇప్పుడు మనిషికి అరగరిటె.

వరండాలో పొయ్యి పెట్టుకున్న రోజుల్లో మీ అమ్మగారు నన్ను లెక్కలోంచి తీసేశారు. పాపం, ఆవిడకు చదువు లేదు.

ఇట్లు,
నలభై మూడు మందిలో ఒకతె


ఆగస్టు 20

వదినా,

నన్ను మీరు అనకు. తిట్టు, కానీ నువ్వు అంటూ తిట్టు.

నీ రెండు ఉత్తరాలూ ఈవేళ ఒకే చేత్తో నాకు ఇచ్చారు. మొదటిది పదిహేను రోజులు ఎక్కడెక్కడ తిరిగిందో దాని మీది మరకలు చెబుతున్నాయి. నేను మూడు కొట్టేసిన రోజుకి అది నా దగ్గర లేదు. ఇది నిన్ను నమ్మించడానికి రాస్తున్నాను. నన్ను నేను సమర్థించుకోవడానికి కాదు. ఎందుకంటే సమర్థించుకునేది ఏమీ లేదు.

కట్టల్లోంచి ఆ ఫారం తీయించి, వెనక్కి తిప్పాను. చిన్న అక్షరాలతో ఇట్లా ఉంది. "43 తప్పు కాదు. తలలు లెక్కపెట్టాను. పదకొండు ఇళ్ళు, ఒక గిన్నె, మనిషికి ఒక గరిటె. ముసలాయన తినడం లేదు."

వెనక రాసినవి ఎవరూ యంత్రంలోకి ఎక్కించరు వదినా. తిప్పి చూడమని మేం ఎవరికీ చెప్పం. నేనూ తిప్పలేదు. వెనక రాస్తారు, భయం లేదు అని నీకు రాసింది మాత్రం నేనే.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను, నువ్వు నాకేమవుతావో కూడా. ఆయన కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. "రూలు మీదే కదమ్మా" అన్నాడు. నాలుగును మళ్ళీ నలభై మూడు చేసినా లాభం లేదు. పొయ్యి ఒకటి కాబట్టి ఇల్లు ఒకటే, ఇంటికి ఎనిమిది మందికి మించి సరుకు ఇవ్వరు. పైగా అన్నీ తిన్నారు కాబట్టి అంకె ఎక్కువే. గరిటె ఎంతదో ఆ అంకెకు తెలియదు. మీ ప్రాంతం నా చేతిలోంచి తీసేశారు. మళ్ళీ సర్వే చేయించడానికి మాత్రం ఒప్పుకున్నారు. ముప్పయ్యో తారీఖున.

కాబట్టి నిన్ను ఒకటి అడగాలి. ఏడు రోజుల లెక్క అడుగుతారు గనక, ఇరవై మూడు నుంచి ఎవరి పొయ్యి వాళ్ళు వెలిగించుకోండి. ఇటుకలైనా సరే. ఒకళ్ళ పొయ్యిమీదిది ఇంకొకళ్ళు తినకూడదు. పదకొండు పొయ్యిలుంటే పదకొండు ఇళ్ళు. అప్పుడు ఎవరి తలకు వాళ్ళది వస్తుంది.

నేను అడుగుతున్నది ఏమిటో నాకు తెలుసు. నీ పొయ్యిని లెక్కలో చేర్చనందుకు రాసిన రూలు, ఇప్పుడు నిన్నే వేరుపడమంటోంది. డ్రైవరుతో నా తరఫున ఒక బియ్యం బస్తా పంపుతున్నాను. గిన్నెలో పొయ్యకు వదినా. పంచు.

లెక్కల పిల్ల


సెప్టెంబరు 8

లెక్కల పిల్లకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాక కోపం ఉంచుకోవడానికి ఓపిక లేకపోయింది. ఓపికలేనితనం కూడా ఒక్కోసారి మేలే చేస్తుంది.

నీ మాట అందరికీ చెప్పాను. హెడ్మాస్టరు గారు "పరీక్షకు కూర్చోబెడుతున్నారన్నమాట" అన్నారు. బస్తా పదకొండు వాటాలు వేశాను, తలలను బట్టి. ఇరవై మూడో తారీఖు పొద్దున మేడమీద, మెట్లమీద, పిట్టగోడ పక్కన ఇటుకలు పేర్చి పదకొండు పొయ్యిలు వెలిగించాం. తడికట్టెలు, కళ్ళనిండా పొగ. మొదటిరోజు పిల్లలకు బొమ్మరిల్లు ఆటలా ఉంది. ఈ పొయ్యి దగ్గరికీ ఆ పొయ్యి దగ్గరికీ పరిగెత్తి ఏం కూర అని అడుగుతుంటే తల్లులు వెనక్కి పిలుచుకున్నారు.

మూడోరోజు మిల్లావిడ గిన్నెమీద మూత పెట్టింది. మూత పెట్టడం తప్పా? ఎవరి వంటకు వాళ్ళు పెట్టుకునేదే. కానీ నెల రోజులు మా గిన్నెకు మూతే లేదు. ఐదోరోజు హెడ్మాస్టరు గారి పప్పు డబ్బామీద కాగితం అంటించి ఉంది, పేరు రాసి. నేనేం తక్కువ తినలేదు. నా ఉల్లిపాయలు మిషను డ్రాయరులో పెట్టి తాళం వేశాను. నెల రోజులు గరిటె పట్టిన చెయ్యే అది.

తాత వాటా బియ్యం మూడు రోజుల్లో అయిపోయాయి. మిగతావాళ్ళం నీళ్ళలోకి దిగి అప్పో సప్పో చేసి తెచ్చుకుంటున్నాం, ఆయన మెట్లు దిగలేడు. తరవాత కూడా రోజూ పొయ్యి వెలిగించేవాడు, పొగ వచ్చేది. వండుకుంటున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కాదు, అబద్ధం ఎందుకు, అలా అనుకోవడం తేలికగా ఉండి అనుకున్నాను. ఆరోరోజు వెళ్ళి చూస్తే గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి, అంతే. నా కంచం తీసుకెళ్ళాను. చేత్తో ఆపేశాడు.

"నీ పొయ్యిమీదిది నేను తింటే మనిద్దరం ఒకటే ఇల్లయిపోతాం. అప్పుడు పదకొండు కాదు, పది. ఇంకొక్క రోజే కదమ్మా, వెళ్ళు" అన్నాడు.

నీ రూలు మా అందరిలోకీ ఆయనకే బాగా అర్థమైంది.

ముప్పయ్యో తారీఖున అదే అమ్మాయి వచ్చింది. పదకొండు పొయ్యిలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. గిన్నె ఏదండీ అని అడిగింది. బోర్లించి ఉంది, దానిమీద ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. పదకొండు ఫారాలు నింపింది. తాత ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఎన్ని రోజులు పస్తో వేళ్ళమీద చూపించి మరీ. అందరికన్నా తక్కువ అంకె ఆయనదేనట. ఆ అమ్మాయి వెళ్ళీ వెళ్ళగానే నేను అన్నం కలిపి నోట్లో పెట్టాను. మింగలేకపోయాడు. ఇప్పుడు మంచంమీద ఉన్నాడు, గంజి దిగుతోంది.

సరుకు ఆరో తారీఖున వచ్చింది. పదకొండు వాటాలు, తలతలకీ లెక్కకట్టి. నీ ప్రయత్నం ఫలించింది, అది ముందు చెప్పవలసింది, చివర చెబుతున్నాను. మిగతావాళ్ళకు ఈ ఒక్కసారే. తాతకు మాత్రం ఒంటరి ముసలివాళ్ళ చీటీ ఇచ్చారు, ఆర్నెల్లపాటు నెలనెలా వస్తుందట.

నీళ్ళు తీశాయి. ఎవరిళ్ళకు వాళ్ళం దిగాం. షామియానా మనిషి వచ్చి పెద్ద గిన్నె తీసుకెళ్ళాడు, అడుగున సొట్ట పడిందని సణుక్కుంటూ. ఇంకొక్క పూట ఉంచవయ్యా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఇప్పుడు తినడానికి అందరికీ ఉంది. వీధిలో తలుపులు వేసుకుని తింటున్నాం.

వదిన


సెప్టెంబరు 13

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్లమీద కూర్చుని చదివాను. చదివాక పైకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

ఫారంలో ఒక ప్రశ్న చేర్చమని అడిగాను. ఈ పొయ్యిమీద ఎన్నిళ్ళవాళ్ళు తింటున్నారు, ఒక్కొక్కరికి ఎంత వస్తోంది అని. కమిటీ వాళ్ళు బాగుందన్నారు, వచ్చే ఏడాది చూద్దామన్నారు. అందరూ అలిసిపోయి ఉన్నారు, ఎవరిమీదా కోపం రాలేదు. నిజానికి ఆ ప్రశ్న చేర్చినా ఇంకెక్కడో ఇంకెవరికో సరిపోదని కూడా అనిపిస్తోంది. పద్నాలుగేళ్ళప్పుడు నోరు విప్పనందుకు ఒక రూలు రాశాను. రూలు రాస్తే నోరు విప్పినట్టేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇప్పుడు నా చేతిలో మరే ప్రాంతమూ లేదు కాబట్టి కాగితాల వెనక వైపులు చదువుతున్నాను. మూడు వందలు అయ్యాయి. "పాప అన్నం అడిగినప్పుడల్లా తల్లి ఇప్పుడే తిన్నాం కదా అంటోంది." "జవాబు చెప్పేముందు ప్రతిసారీ భర్తవైపు చూసింది." "పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది." ఇవన్నీ ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి వదినా, ఒక్కసారి చెయ్యి తిప్పితే చాలు.

తాత ఎట్లా ఉన్నాడు?

లెక్కల పిల్ల


సెప్టెంబరు 21

లెక్కల పిల్లకి,

రాసే కాగితాలు అయిపోయాయి, ఇది సరుకు చీటీ వెనక రాస్తున్నాను. ముందు వైపు నా పేరూ, తలలు ఒకటి అనీ ఉంది. అది పట్టించుకోకు.

తాత లేచాడు. మొన్న సాయంత్రం గోడ పట్టుకుంటూ వచ్చి, చీటీమీద వచ్చిన తన బియ్యం సంచీ నా గుమ్మంలో దింపాడు. "ఒక్కడికోసం పొయ్యి వెలిగిస్తే కట్టెలు నవ్వుతాయమ్మా" అన్నాడు. పైన ఉప్పు పొట్లం కూడా ఉంది. అప్పటినుంచి మిషను పక్కన కూర్చుని ఇక్కడే తింటున్నాడు. గరిటెన్నర తింటున్నాడు, నేను లెక్కపెట్టాను. మిల్లావిడ నిన్న గుమ్మందాకా వచ్చి, లోపలికి చూసి, ఏదో అడగబోయి వెళ్ళిపోయింది. పిలుద్దామనుకునేలోపే వీధి మలుపు తిరిగింది.

వచ్చే నెల మళ్ళీ సర్వే ఉందట. ఆ అమ్మాయి వస్తుంది, ఎన్ని పొయ్యిలు అని అడుగుతుంది. ఒకటి అంటే తాత ఒంటరివాడు కాకుండా పోతాడు, చీటీ పోతుంది. నా కుట్టుపని ఇంకా మొదలవలేదు, ఒక్కసారి వచ్చిన నా వాటాతో ఇద్దరికీ నెల గడవదు. రెండు అంటే చీటీ ఉంటుంది. కానీ అప్పుడు అదే అబద్ధాన్ని రోజూ నిజం చేస్తూ ఆయన అక్కడ పొయ్యి వెలిగించుకోవాలి, నేను ఇక్కడ. నీళ్ళు మరగడం నేను ఒకసారి చూశాను.

నువ్వు నన్ను ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు. తరవాత వేరుపడమన్నావు. రెండూ నా మంచికే చెప్పావని నాకు తెలుసు. ఇప్పుడేం చెప్పమంటావు? నీ ఫారంలో దీనికి గడి ఉండదులే. వెనక రాసి పంపు. ఇక్కడ తిప్పి చదివేవాళ్ళం ఇద్దరమున్నాం.

వదిన